పంటికి పెట్టిన సిమెంట్ పట్టు ఎంత? తరచుగా అడిగే ప్రశ్నలు

ఫిల్లింగ్ పెట్టించుకోబోయేవాళ్లు, పెట్టించుకున్నవాళ్లు, ఊడి చేతికొచ్చిన ముక్కను కాగితంలో చుట్టి తెచ్చేవాళ్లు. ముగ్గురి సందేహాలూ చివరికి ఒక్కచోటికే వస్తాయి: ఇది పంటిని నిజంగా పట్టుకుంటుందా? మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలను ఇక్కడ చేర్చాం. వరసగా చదవనక్కర్లేదు, మీ ప్రశ్న వెతుక్కుని అదొక్కటే చదివినా చాలు. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. డబ్బా మీది పేరు కంటే, సిమెంట్ పెట్టిన క్షణంలో పంటి ఉపరితలం ఎలా ఉందన్నదే పట్టును ఎక్కువగా నిర్ణయిస్తుంది. అందుకే ఈ జవాబుల్లో సగం తడి, పొడి, శుభ్రం చుట్టూనే తిరుగుతాయి.

## పెట్టించుకునే ముందు

పంటికి పెట్టే సిమెంట్, ఇల్లు కట్టే సిమెంట్ ఒకటేనా?

కాదు. మామూలుగా పంటి సిమెంట్ అంటే జీఐసీ, అంటే గ్లాస్ అయానమర్ సిమెంట్. కాల్షియం, అల్యూమినియం, ఫ్లోరైడ్ కలిసిన గాజును మెత్తగా పొడి చేసి, పాలీయాక్రిలిక్ ఆమ్లంతో కలుపుతారు. కొన్ని నిమిషాల్లో గట్టిపడుతుంది. పంటి రంగులో ఉండి, నీలం లైటుతో గట్టిపడే కాంపోజిట్‌ను కూడా జనం సిమెంట్ అనేస్తారు గానీ, అది గాజు రేణువులు కలిసిన రెజిన్, అంటే ఒక రకం ప్లాస్టిక్ జిగురు. ఇక ఇంటి సిమెంట్ సంగతి: దాంతో బొత్తిగా చుట్టరికం లేదనలేం. వేరు చివర, నరం దగ్గర పడిన రంధ్రాలు పూడ్చడానికి వాడే ఎంటీఏ అనే పదార్థం పోర్ట్‌లాండ్ సిమెంట్ నుంచే పుట్టింది. కానీ మామూలు ఫిల్లింగ్‌కి దాన్ని వాడరు.

సిమెంట్ పంటికి నిజంగా అతుక్కుంటుందా, గుంతలో ఇరుక్కుని కూర్చుంటుందా?

ఏ పదార్థం అన్నదాన్ని బట్టి ఉంటుంది. వెండి ఫిల్లింగ్, పాతకాలపు జింక్ ఫాస్ఫేట్ సిమెంట్ కేవలం ఇరుక్కుని ఉంటాయి. కాంపోజిట్‌ది కూడా ఒక రకంగా ఇరుక్కోవడమే, కాకపోతే కంటికి కనిపించని స్థాయిలో: ముందుగా పంటి మీద పూసే ఆమ్లం చేసిన సన్నని రంధ్రాల్లోకి రెజిన్ దిగి అక్కడే గట్టిపడుతుంది. జీఐసీ మాత్రం రసాయనికంగా కలుస్తుంది. దానిలోని కార్బాక్సిల్ సమూహాలు పంటిలోని కాల్షియంతో బంధం ఏర్పరుస్తాయి. సిమెంట్‌కూ పంటికీ మధ్య రెండింటి అయాన్లూ కలిసిన పలుచని పొర తయారవుతుంది.

ఇలా పంటితో రసాయనికంగా కలిసే మొదటి సిమెంట్ జింక్ పాలీకార్బాక్సిలేట్. దాన్ని 1968లో డెనిస్ స్మిత్ వెలుగులోకి తెచ్చారు. ఆ తర్వాత లండన్‌లోని ప్రభుత్వ రసాయన ప్రయోగశాలలో అలన్ విల్సన్, బ్రయన్ కెంట్ గ్లాస్ అయానమర్‌ను తయారుచేశారు.

ఎనామిల్‌కి బాగా పడుతుంది, డెంటిన్‌కి సరిగా పట్టదు అంటారు. పన్ను ఒకటే కదా?

పన్ను ఒకటే, పొరలు వేరు. పైనున్న ఎనామిల్ బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. దాన్ని పొడిగా ఆరబెట్టవచ్చు, ఆమ్లంతో గరుకు చేయవచ్చు. రెజిన్ అందులోకి చక్కగా దిగుతుంది. 1955లో మైకేల్ బ్యునోకోర్ ఫాస్ఫారిక్ ఆమ్లంతో ఎనామిల్‌ను గరుకు చేస్తే రెజిన్ ఎంతో గట్టిగా పడుతుందని చూపించారు. ఇప్పటికీ పంటి అతుకుల్లో అన్నిటికన్నా నమ్మదగ్గది ఎనామిల్ అతుకే.

ఎనామిల్ కింద ఉండే డెంటిన్ కథ వేరు. అందులో ఖనిజం 70 శాతం దాకా ఉంటుంది. మిగతాది కొల్లాజెన్ పోగులు, నీరు. దాని నిండా నరం వైపు వెళ్లే సన్నని గొట్టాలు, వాటిలో ద్రవం. ప్రాణం ఉన్న పంటిలో ఆ ద్రవం లోపలి నుంచి బయటికి నెమ్మదిగా ఊరుతూనే ఉంటుంది. అంటే పైన ఎంత ఆరబెట్టినా కింది నుంచి తడి వస్తుంది. పైగా లోతుకి పోయేకొద్దీ గొట్టాలు చిక్కబడతాయి. ఎనామిల్ దగ్గర చదరపు మిల్లీమీటరుకు 20 వేల దరిదాపుల్లో ఉండేవి, నరం దగ్గర దానికి రెట్టింపు దాటుతాయి. పుచ్చు లోతుగా ఉంటే పట్టు తగ్గడానికి ఇదొక ముఖ్య కారణం.

ఆమ్లంతో ఖనిజం తొలగిన కొల్లాజెన్ వలలోకి రెజిన్ దిగితే, రెండూ కలిసిన కొత్త పొర ఏర్పడుతుందని 1982లో జపాన్ శాస్త్రవేత్త నొబువో నకబయాషి బృందం వివరించింది. దాన్నే హైబ్రిడ్ పొర అంటారు. డెంటిన్‌తో కాంపోజిట్ పట్టంతా కొన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఆ పొర చేతిలోనే ఉంది.

జీఐసీ, కాంపోజిట్ రెండిట్లో ఏది గట్టిగా పడుతుంది?

అంకెలు చూస్తే కాంపోజిట్. ప్రయోగశాల పరీక్షల్లో ఎనామిల్ మీద కాంపోజిట్ పట్టు తరచుగా 20 నుంచి 30 మెగాపాస్కల్స్ వస్తుంది. మామూలు జీఐసీ 3 నుంచి 7 మధ్య ఉంటుంది. రెజిన్ కలిపిన జీఐసీ ఈ రెండిటి నడుమ. ఒక మెగాపాస్కల్ అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 10 కిలోల బలం అనుకోండి.

అయితే ఈ పోలికలో ఒక మెలిక ఉంది. జీఐసీని లాగి పరీక్షించినప్పుడు, ఎక్కువసార్లు అది పంటి నుంచి ఊడదు, తన మధ్యలోనే తెగుతుంది. ఒక పలుచని పొర పంటికి అంటుకునే ఉంటుంది. అంటే ఆ 5 మెగాపాస్కల్స్ చాలావరకు సిమెంట్ సొంత బలం. పంటితో దాని అసలు పట్టు అంతకంటే ఎక్కువే అయ్యుండాలి. పంటి మెడ దగ్గరి గుంతల్లో ఏళ్ల తరబడి చేసిన పరిశీలనల్లో, ఊడకుండా నిలవడంలో జీఐసీ ముందు వరసలో ఉంది. నమిలే ఒత్తిడి నేరుగా పడే పెద్ద గుంతల్లో మాత్రం అది అరిగిపోతుంది, విరుగుతుంది. కాబట్టి "ఏది గట్టిది" అని అడగడం కంటే "నా గుంత ఎక్కడుంది, అక్కడ తడి ఎంత" అని డాక్టర్‌ని అడగడం మంచిది.

కంపెనీ కాగితంలో 30 మెగాపాస్కల్స్ అని వేశారు. నోట్లోనూ అంతే ఉంటుందా?

ఉండదు. ఆ పరీక్ష తీసేసిన పంటి మీద జరుగుతుంది. పంటిని చదునుగా అరగదీసి, పదార్థం అతికించి, సాధారణంగా 37 డిగ్రీల నీటిలో ఒక రోజు ఉంచి లాగుతారు. ఇంకాస్త జాగ్రత్త తీసుకునేవాళ్లు 5 డిగ్రీలు, 55 డిగ్రీల నీళ్లలో మార్చి మార్చి వందలసార్లు, వేలసార్లు ముంచి తర్వాత లాగుతారు. ఆ పంటికి నరం ఉండదు, ఉమ్ము ఉండదు, కదిలే నాలుక ఉండదు, కాంపోజిట్ కుంచించుకుపోతే లాగడానికి ఎదురు గోడలు ఉండవు.

ఇంకో చిక్కు: అతికించిన ముక్క ఎంత చిన్నదైతే అంకె అంత పెద్దగా వస్తుంది, ఎందుకంటే చిన్న ముక్కలో లోపాలు తక్కువ. చదరపు మిల్లీమీటరు ముక్కతో వచ్చిన 40నీ, పెద్ద ముక్కతో వచ్చిన 20నీ పక్కపక్కన పెట్టి "మాది రెట్టింపు" అంటే అది ప్రచారమే. ఒకే ప్రయోగశాలలో, ఒకే పద్ధతిలో తీసిన అంకెలనే పోల్చాలి.

వెండి ఫిల్లింగ్ అతుక్కోదంటున్నారు, మరి అది అన్నేళ్లు ఎలా నిలుస్తుంది?

గుంతను లోపల వెడల్పుగా, నోటి దగ్గర ఇరుకుగా చెక్కుతారు కాబట్టి బయటికి రాలేదు. మొదట్లో అంచున ఉండే సన్నని సందును, కాలక్రమంలో ఆ లోహం తుప్పు పదార్థాలే పూడుస్తాయి. నిలవడంలో దానికి వంక పెట్టలేం. కానీ ఆ ఆకారం కోసం మంచి పంటిని కూడా చెక్కేయాలి. అతుక్కునే పదార్థాలు వచ్చాక దక్కిన అసలు లాభం అక్కడే ఉంది.

పళ్లు తెల్లబరచుకున్నాను. వెంటనే ఫిల్లింగ్ పెట్టించుకోవచ్చా?

కాంపోజిట్ అయితే ఒకటి, రెండు వారాలు ఆగండి. తెల్లబరిచే పెరాక్సైడ్ నుంచి వచ్చిన ఆక్సిజన్ పంటిలో కొంతకాలం మిగిలి, రెజిన్ పూర్తిగా గట్టిపడకుండా అడ్డుపడుతుంది. పంటి రంగు స్థిరపడడానికి కూడా ఈ గడువు పనికొస్తుంది. లేకపోతే ఫిల్లింగ్ ఒక రంగు, పన్ను ఒక రంగు అవుతాయి.

నా పళ్లకి ఫ్లోరోసిస్ మచ్చలున్నాయి. పట్టు తగ్గుతుందా?

తగ్గవచ్చు. ఫ్లోరైడ్ ఎక్కువగా చేరిన పై పొర ఆమ్లానికి అంత సులభంగా లొంగదు. పై పొరను కొద్దిగా అరగదీయడమో, ఆమ్లాన్ని మరికొంత సేపు ఉంచడమో చేస్తారు. మచ్చలున్న సంగతి కంటికి కనిపించేదే అయినా, చిన్నప్పటి నుంచీ ఉన్నాయని చెప్పడం మంచిది.

## కుర్చీలో ఉన్నప్పుడు

నీలం రంగు జెల్ పూశారు, పుల్లగా తగిలింది. పంటికి యాసిడ్ పూస్తారా?

అవును, సాధారణంగా 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం. ఎక్కడ పూశారో కనిపించాలని రంగు కలుపుతారు. ఎనామిల్ మీద 15 నుంచి 30 సెకన్లు, డెంటిన్ మీద 15 సెకన్లకు మించకుండా ఉంచి బాగా కడుగుతారు. ఆరబెట్టాక ఎనామిల్ మెరుపు పోయి సున్నం రాసినట్టు తెల్లగా కనిపిస్తే పని సరిగా జరిగినట్టు. పోయేది మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల లెక్కలో. పన్ను కరిగిపోతుందన్న భయం అక్కర్లేదు.

నాకు పెట్టేది జీఐసీ. దానికి కూడా ముందు ఏదో పూసి కడిగారు, ఎందుకు?

డ్రిల్లు పట్టినప్పుడు పంటి పొడి, కొల్లాజెన్, ఉమ్ము, సూక్ష్మజీవులు కలిసి ఒక పూతలా పేరుకుంటాయి. దాని మీద సిమెంట్ పెట్టడం దుమ్ము తుడవని గోడకు రంగు వేయడం లాంటిది: రంగు దుమ్ముకి అంటుతుంది, గోడకు కాదు. 10 శాతం పాలీయాక్రిలిక్ ఆమ్లాన్ని 10 నుంచి 20 సెకన్లు పూస్తే ఆ పూత పోతుంది, కింద గొట్టాల నోళ్లు మాత్రం పెద్దగా తెరుచుకోవు. సిమెంట్‌లో ఉండేదీ అదే ఆమ్లం కాబట్టి కొంచెం మిగిలినా హాని లేదు. ఇది అర నిమిషం కూడా పట్టని పని, అయినా తొందరలో వదిలేసేది ఎక్కువగా దీన్నే.

నోట్లో రబ్బరు షీటు కట్టారు, ఊపిరాడనట్టు అనిపించింది. అంత అవసరమా?

కాంపోజిట్‌కి చాలా ఉపయోగం. ఆమ్లంతో సిద్ధం చేసిన ఉపరితలం మీద ఉమ్ము పడితే, అందులోని ప్రోటీన్లు క్షణాల్లో పొరలా పట్టేస్తాయి. నీళ్లతో కడిగినంత మాత్రాన ఆ పొర పూర్తిగా పోదు, కొద్దిసేపు మళ్లీ ఆమ్లం పూయాల్సి ఉంటుంది. చిగురు నుంచి రక్తం తగిలితే ఇంకా చేటు. ఈ రబ్బర్ డ్యామ్‌ను 1864లో శాన్‌ఫోర్డ్ బార్నమ్ అనే దంతవైద్యుడు మొదలుపెట్టారు. అతికించే పదార్థాలు అంతగా మారినా ఇప్పటికీ దీన్ని మించిన పద్ధతి రాలేదు. ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీసుకుంటే ఒకటి రెండు నిమిషాల్లో అలవాటవుతుంది. అది వీలుకాని చోట దూది చుట్టలు, ఉమ్ము లాగే గొట్టంతో సర్దుకుంటారు. నోరు మూయకుండా, నాలుకతో తడమకుండా ఉండడమే మీ వంతు.

గుంతను పూర్తిగా ఆరబెట్టకుండా తడిగానే వదిలారు. నిర్లక్ష్యమా?

కాదు, కావాలనే. ఆమ్లం పూసిన డెంటిన్‌లో కొల్లాజెన్ పోగులు నీటి ఆసరాతో నిలబడి ఉంటాయి. గాలి కొట్టి బొత్తిగా ఆరబెడితే అవి కూలి ఒకదాని మీద ఒకటి పడతాయి, రెజిన్‌కి లోపలికి దారి ఉండదు. మరీ తడిగా వదిలితే నీటి బుడగలు మిగిలిపోతాయి. ఈ రెండిటి మధ్య ఉన్న సన్నని గీత చేయి తిరిగితేనే తెలుస్తుంది. ఆ ఇబ్బంది తగ్గించడానికే ఆమ్లం గుణం తమలోనే ఉండి, కడిగే పని లేని సెల్ఫ్ ఎచ్ అతికించే ద్రవాలు వచ్చాయి. వాటిలో కొన్నిటిలో ఉండే ఎండీపీ అనే అణువు పంటి కాల్షియంతో రసాయనికంగా కూడా కలుస్తుంది. అయితే వీటిలో మృదువైనవి ఎనామిల్‌ను అంతగా గరుకు చేయలేవు. అందుకే ఎనామిల్ అంచు వరకు ఫాస్ఫారిక్ ఆమ్లం విడిగా పూయడం మంచి పద్ధతి.

ఒకేసారి నింపేయకుండా కొంచెం కొంచెం పెట్టి లైటు కొడుతున్నారు, ఎందుకు?

రెండు కారణాలు. నీలం కాంతి మామూలు కాంపోజిట్‌లో 2 మిల్లీమీటర్ల లోతు దాకానే సరిగా పనిచేస్తుంది. అంతకంటే మందంగా పెడితే పైన రాయి, కింద మైనం. రెండోది కుంచించుకుపోవడం. గట్టిపడేటప్పుడు కాంపోజిట్ ఘనపరిమాణంలో సుమారు 2 నుంచి 3 శాతం తగ్గుతుంది. చుట్టూ అయిదు గోడలున్న పెట్టె లాంటి గుంతలో అది అన్ని వైపుల నుంచీ లాగుతుంది. అప్పుడే పుట్టిన అతుకు ఆ లాగుడికి ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ విడుతుంది, అది చాలాసార్లు అడుగున డెంటిన్ దగ్గరే. పొరలుగా, వాలుగా పెడితే ఈ ఒత్తిడిని కొంత అదుపు చేయవచ్చు. ఒకేసారి 4 మిల్లీమీటర్ల దాకా పెట్టగలిగే బల్క్ ఫిల్ రకాలూ ఉన్నాయి. మామూలు జీఐసీకి లైటు అక్కర్లేదు.

## మొదటి రోజుల్లో

ఎంతసేపటికి తినొచ్చు?

కాంపోజిట్ అయితే తిమ్మిరి వదలగానే. తిమ్మిరిలో తింటే బుగ్గ కొరుక్కుంటారు, ఆగమనేది అందుకే. జీఐసీ, వెండి ఫిల్లింగ్ అయితే ఒక రోజు ఆ వైపు గట్టివి నమలకండి.

సిమెంట్ పైన వ్యాసలీన్ లాంటిది పూశారు. దేనికి?

జీఐసీ చేతికి గట్టిగా తగిలినా లోపల రసాయన చర్య ఇంకా నడుస్తూ ఉంటుంది. ఆ దశలో నీళ్లు తగిలితే అయాన్లు కొట్టుకుపోయి పైపొర సుద్దలా మారుతుంది. పొడిబారితే సన్నగా పగుళ్లు వస్తాయి. వ్యాసలీన్, వార్నిష్ లేదా పలుచని రెజిన్ పూత ఈ రెండిటినీ ఆపుతుంది. వీటిలో వ్యాసలీన్ తొందరగా పోతుంది, రెజిన్ పూత ఎక్కువ కాలం నిలుస్తుంది.

చల్లటి నీళ్లు తాగితే జివ్వుమంటోంది. అతుకు వదిలేసిందా?

మొదటి కొన్ని రోజులు కొద్దిగా జివ్వుమని వెంటనే తగ్గిపోతుంటే, చాలావరకు నరం సర్దుకుంటోందని అర్థం. అలా కాకుండా నమిలినప్పుడు చురుక్కుమంటే రెండు అవకాశాలు. ఒకటి, ఫిల్లింగ్ ఎత్తుగా ఉండి ఎదుటి పంటికి ముందే తగులుతోంది. అయిదు నిమిషాల్లో సరిచేయవచ్చు. రెండోది, అడుగున అతుకు విడిపోయి సందు ఏర్పడింది. నమిలినప్పుడల్లా ఆ సందులోని ద్రవం గొట్టాల్లో కదిలి నరాన్ని రేపుతుంది. ఇలాంటప్పుడు తీసి మళ్లీ పెట్టాల్సి రావచ్చు. వేడి తగిలితే మొదలై ఎంతకీ తగ్గని నొప్పి, రాత్రి నిద్ర లేపే నొప్పి మాత్రం సిమెంట్ సమస్య కాదు, నరానిది. ఆగకుండా వెళ్లండి.

తాత్కాలిక సిమెంట్ లవంగాల వాసన వేస్తోంది. దాని మీదే కాంపోజిట్ పెట్టొచ్చా?

నేరుగా పెట్టకూడదు. ఆ వాసన యూజినాల్‌ది, లవంగ నూనెలో ఉండేది అదే. నొప్పిని నెమ్మదింపజేస్తుంది గానీ రెజిన్ గట్టిపడే చర్యను అడ్డుకుంటుంది. కాంపోజిట్ పెట్టే ముందు తాత్కాలిక సిమెంట్‌ను ఆనవాలు లేకుండా తీసి, ఉపరితలాన్ని శుభ్రం చేయాలి. తర్వాత కాంపోజిట్ పెడతారని ముందే తెలిస్తే యూజినాల్ లేని రకాన్ని వాడతారు.

## నెలలు, ఏళ్లు గడిచాక

ఫిల్లింగ్ ఊడిపోయింది. తప్పు సిమెంట్‌దా, డాక్టర్‌దా, నాదా?

ఊడిన తీరు కొంత చెబుతుంది. ముక్క మొత్తం శుభ్రంగా, గుంత గోడలకు ఏమీ మిగలకుండా వచ్చేస్తే అతుకే విఫలమైంది: పెట్టినప్పుడు తడి తగిలి ఉండవచ్చు, ఉపరితలం సిద్ధం చేయడంలో లోపం ఉండవచ్చు. సగం పంటికి మిగిలి సగం విరిగితే పదార్థం బలం చాలలేదు, లేదా గుంత ఆ పదార్థానికి మించి పెద్దది. ముక్కతో పాటు పంటి అంచు కూడా వస్తే అతుకు నిలిచింది, పన్నే ఓడింది. అడుగున మెత్తగా, గోధుమ రంగులో ఉంటే మళ్లీ పుచ్చు పట్టింది. నిద్రలో పళ్లు కొరికే అలవాటు ఉంటే వీటిలో ఏదైనా తొందరగా జరుగుతుంది.

ఊడిన ముక్కను, క్యాప్‌ను ఇంట్లో సూపర్ గ్లూతో అతికించుకోవచ్చా?

వద్దు. ఆ జిగురు తడిలో వేడి పుట్టిస్తూ గట్టిపడుతుంది, చిగురును కాలుస్తుంది. తిన్నగా కూర్చోని క్యాప్ కింద సూక్ష్మజీవులు చేరతాయి, తర్వాత అతికించే అసలు సిమెంట్‌కి ఆ జిగురు పొర అడ్డమవుతుంది. క్యాప్ ఊడితే కడిగి డబ్బాలో పెట్టి తీసుకెళ్లండి, చాలాసార్లు దాన్నే తిరిగి పెట్టవచ్చు. ఫిల్లింగ్ ముక్క మాత్రం మళ్లీ పనికిరాదు.

పంటి మెడ దగ్గర పెట్టిందే పదే పదే ఊడుతోంది. ఎందుకు?

అతుక్కోవడానికి పంటి మీద ఇంతకంటే కష్టమైన చోటు తక్కువ. గుంత పళ్లెంలా లోతు లేకుండా ఉంటుంది, పట్టి ఉంచే గోడలు ఉండవు. చిగురు వైపు అంచుకి ఎనామిల్ ఉండదు. చిగురు సందు నుంచి ద్రవం ఊరుతుంది. ఏళ్ల తరబడి బయటపడి ఉన్న డెంటిన్ గాజులా గట్టిపడి, గొట్టాలు ఖనిజంతో మూసుకుపోయి, ఆమ్లానికి లొంగదు. ఇక్కడ నా ఓటు జీఐసీకి, లేదా రెజిన్ కలిపిన జీఐసీకి. పైపొరను కొద్దిగా గరుకు చేసి పెట్టాలి. గట్టి బ్రష్‌తో అడ్డంగా తోమే అలవాటు మారకపోతే ఏది పెట్టినా పక్కన మళ్లీ గుంత పడుతుంది.

బాగా పెట్టిన అతుకు కూడా కాలం గడిస్తే బలహీనపడుతుందా?

డెంటిన్ దగ్గర అవును. రెజిన్ నెమ్మదిగా నీటిని పీల్చి విచ్ఛిన్నమవుతుంది. రెజిన్ పూర్తిగా కప్పని కొల్లాజెన్ పోగులను డెంటిన్‌లోనే ఉండే ఎంజైములు తినేస్తాయి. ఆ ఎంజైములను అణచడానికి కొందరు ఆమ్లం కడిగాక 2 శాతం క్లోర్‌హెక్సిడిన్ పూస్తారు. చుట్టూ ఎనామిల్ అంచు ఉన్న ఫిల్లింగ్ ఎక్కువ కాలం నిలుస్తుంది, ఆ అంచే లోపలి అతుకును నీటి నుంచి కాపాడుతుంది.

అంచు చుట్టూ గోధుమ గీత కనిపిస్తోంది. మార్చాలా?

గీత ఒక్కటే అయితే చాలాసార్లు పాలిష్ చేస్తే పోతుంది. డాక్టర్ పరికరం మొన తగిలితే దిగబడేంత మెత్తగా ఉన్నా, సందులో ఆహారం ఇరుక్కుంటున్నా మార్చాలి.

క్యాప్ అతికించే సిమెంట్ వేరేనా?

వేరే, పలుచగా పారేది. జింక్ ఫాస్ఫేట్, జీఐసీ లాంటి నీటి ఆధారిత సిమెంట్ల పొర 25 మైక్రాన్లు దాటకూడదని అంతర్జాతీయ ప్రమాణం. అరగదీసిన పన్ను తగినంత ఎత్తుగా, గోడలు దాదాపు నిటారుగా ఉంటే ఇవే సరిపోతాయి. పన్ను పొట్టిగా ఉంటే రెజిన్ సిమెంట్ కావాలి. అప్పుడు క్యాప్ లోపలి వైపు కూడా సిద్ధం చేయాలి: గాజు జాతి సిరామిక్ అయితే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం, తర్వాత సిరామిక్‌ను రెజిన్‌తో కలిపే సైలేన్ అనే ద్రవం. జిర్కోనియా ఆ ఆమ్లానికి లొంగదు, దానికి అల్యూమినా రేణువులతో గరుకు చేసి ఎండీపీ ఉన్న ద్రవం పూస్తారు.

జీఐసీ ఫ్లోరైడ్ వదులుతుందట. ఇక ఆ పంటికి పుచ్చు రాదా?

అలాంటి హామీ ఇవ్వలేం. మొదటి రోజుల్లో ఎక్కువగా వదులుతుంది, తర్వాత బాగా తగ్గి కొద్దికొద్దిగా కొనసాగుతుంది. ఫ్లోరైడ్ పేస్టుతో తోముకుంటే కొంత తిరిగి పీల్చుకుని మళ్లీ వదులుతుంది. అంచు దగ్గర దీనివల్ల కొంత రక్షణ ఉండవచ్చు. అదే పంటి అవతలి వైపున, పక్క పంటిని ఆనుకునే చోట, పుచ్చు పట్టకుండా ఆపే శక్తి మాత్రం దానికి లేదు.